ఇన్‌ఛార్జి ఊపిరి

చినరేవుపాలెం హైస్కూలుకి ఊపిరి కొలిచే యంత్రం వచ్చిన రోజున, వ్యానులోంచి దాన్ని దించడానికి డ్రైవరూ, అటెండరూ, డ్రిల్లు మేస్టారు తాతారావూ కలిసి ఒక కొస పట్టుకుంటే, రెండో కొస ఎనిమిదో తరగతి లోవలక్ష్మి ఒక్కతే పట్టుకుంది. వరండా మెట్ల దగ్గర మగాళ్ళు ముగ్గురూ రెండుసార్లు ఆగి నడుములు పట్టుకున్నారు. లోవలక్ష్మి మాత్రం తనకి లెక్కల క్లాసుందనీ, కాస్త త్వరగా అడుగులు వేస్తే బావుంటుందనీ వినయంగా మనవి చేసుకుంది. ఇంతకీ ఆ యంత్రం వచ్చింది లోవలక్ష్మి లాంటి పిల్లలకి ఆటలాడే సత్తువ ఉందో లేదో తేల్చడానికే.

యంత్రంతోపాటు పదహారు పేజీల సర్క్యులరు కూడా వచ్చింది. పథకం పేరు 'స్థూలకాయ బాలబాలికల శ్వాస సామర్థ్య నిర్ధారణ'. చదవగా చదవగా తాతారావుకి అర్థమైనదేమిటంటే, ఒళ్ళున్న పిల్లని ఆ యంత్రం మీద తిరిగే పట్టా ఎక్కించాలి. ముక్కుకీ మూతికీ కలిపి ఒక తొడుగు తగిలించాలి. నిమిషానికోసారి పట్టా వేగం పెంచుతూ, ఏటవాలు పెంచుతూ, ఇంక నా వల్ల కాదని చెయ్యెత్తేదాకా పరిగెత్తించాలి. ఆ ఆఖరి నిమిషంలో పిల్ల ఎంత ఆక్సిజన్ వాడుకుందో యంత్రం చెబుతుంది. దాన్ని పిల్ల బరువుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె ముప్పై అయిదు దాటితే పిల్ల ఆటలకి యోగ్యురాలు. దాటకపోతే, దాటేదాకా ఆటస్థలంలో అడుగు పెట్టరాదు. సన్నటి పిల్లలకి ఈ గొడవ లేదు. వాళ్ళు యోగ్యులుగా భావించబడుదురని ఏడో పేజీలో రాసి ఉంది.

తాతారావు ఇరవై ఆరేళ్ళుగా మెడలో విజిలు వేసుకుని తిరుగుతున్న మనిషి. పిల్లల ఊపిరి కొలవడానికి ఆయనకి ఇంతవరకూ కబడ్డీ కూత ఒక్కటే సాధనం. కూతకు వెళ్ళిన పిల్ల ఊపిరి తెంపకుండా అవతలి బరిలో ఎంతసేపు ఉండి, ఎంతమందిని ముట్టుకుని వెనక్కి వస్తుందో చూస్తే ఆయనకి సరిపోయేది. ఆ లెక్కన లోవలక్ష్మికి సాటి వచ్చే పిల్ల ఈ చుట్టుపక్కల లేదు. యాభై ఎనిమిది కిలోల మనిషి. తెల్లవారగానే రెండు పాల క్యాన్లు సైకిలుకి తగిలించుకుని నాలుగు కిలోమీటర్లు తొక్కి, హోటళ్ళకి పాలు పోసి, ఆ సైకిలు మీదే బడికి వస్తుంది. నలుగురు కలిసి కాళ్ళు పట్టుకున్నా, కూత ఆపకుండా నలుగురినీ ఈడ్చుకుంటూ గీత ముడుతుంది.

నవంబరు నెలాఖరులో డివిజన్ కబడ్డీ పోటీలున్నాయి. వయసు పద్నాలుగు లోపుండాలి, తూకంతో పనిలేదు. ఆ పోటీలకి క్రీడా పాఠశాల వాళ్ళు వస్తారు. నచ్చిన పిల్లని తీసుకుపోయి చదువూ ఆటా రెండూ వాళ్ళే చూసుకుంటారు. లోవలక్ష్మికి జనవరిలో పద్నాలుగు నిండుతాయి. అంటే మిగిలింది ఈ ఒక్క అవకాశమే. అందుకని పరీక్షేదో ముందే అవగొట్టేస్తే సరిపోతుందని, మర్నాడే తాతారావు ఆ పిల్లని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. పట్టా పక్కన ఒక ఎర్ర చీటీ అంటించి ఉంది. నలభై అయిదు కిలోలు దాటినవారు దీనిపై ఎక్కరాదు, ఎక్కినచో వారంటీ వర్తించదు అని.

తాతారావు ఆ చీటీని మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అందులో అదే ఉంది. బాలల కోసం కదా అని ఎవరో శ్రద్ధగా బాలల సైజు తెప్పించారు. ఆ బాలలు ఏ బాలలో ఆ శ్రద్ధలో మరిచిపోయారు.

ఆయన వెళ్ళి హెడ్మిస్ట్రెస్ ఇందుమతి గారితో చెప్పాడు. ఆవిడ నిజానికి ఇన్‌ఛార్జి హెడ్మిస్ట్రెస్. నెల రోజులకని ఛార్జి తీసుకుని పదకొండేళ్ళయింది. అసలు హెడ్మాస్టరు ఎప్పుడైనా రావచ్చని పెద్ద కుర్చీ ఖాళీగా ఉంచి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. ఆవిడ విషయమంతా విని, తన పరిధిలో లేదని చెప్పి, జిల్లా శ్వాస సమన్వయాధికారి పరాంకుశం గారికి ఉత్తరం రాశారు. వారం తిరక్కుండా ఆయనే స్వయంగా వచ్చారు.

పరాంకుశం గారు చీటీ చదివి, లోవలక్ష్మిని ఎగాదిగా చూసి, చీటీ వైపే మొగ్గారు. యంత్రం పాడైతే సంజాయిషీ ఆయన ఇవ్వాలి. అలాగని పిల్లలకి పరీక్ష చెయ్యకపోతే దానికీ సంజాయిషీ ఆయనే ఇవ్వాలి. తాతారావు సందు చూసుకుని, పోనీ యంత్రం లేకుండా ఆటస్థలంలో ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, గంట కొడుతూ అటూ ఇటూ పరిగెత్తిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. అదీ ఒక పద్ధతేనని ఆయన ట్రైనింగులో విన్నాడు. యంత్రం ఉండగా ముగ్గుతో గీతలా అని పరాంకుశం గారు నొచ్చుకున్నారు. పోనీ కూత పెట్టి చూడమంటే, కూతకి యూనిట్ లేదన్నారు. చివరికి కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, కళ్ళు తెరిచేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"తాతారావుగారూ, పోయిన నెల నేను పన్నెండు రోజులు సెలవులో ఉన్నాను. ఆ పన్నెండు రోజులూ జిల్లాలో పరిపాలన ఆగిందా? ఆగలేదు. ఎందుచేత? నా ఇన్‌ఛార్జి సంతకం పెట్టాడు. ఆ సంతకం చెల్లుతుందా, చెల్లదా?"

"చెల్లుతుందండి."

"సంతకం చెల్లినప్పుడు ఊపిరి ఎందుకు చెల్లదు?"

తాతారావు ఇందుమతి గారి వైపు చూశాడు. ఆవిడ చెల్లుతుందన్నట్టు తలూపేశారు. పదకొండేళ్ళుగా ఆవిడ సంతకాలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

మూడో రోజుకల్లా ఉత్తర్వులు వచ్చేశాయి. నలభై అయిదు కిలోలు దాటిన ప్రతి బాలికకీ, బాలుడికీ తూకం తక్కువున్న ఒక విద్యార్థిని ఇన్‌ఛార్జిగా నియమించాలి. ఆ ఇన్‌ఛార్జి పరిగెత్తిన పరుగు, పీల్చిన ఊపిరి అసలు విద్యార్థివిగానే పరిగణించబడును. తాతారావు లోవలక్ష్మికి ఇన్‌ఛార్జిగా పరుగుపందెంలో ఫస్టు వచ్చే పిల్ల పేరు రాసి పంపాడు. అది తిరుగు టపాలో వెనక్కి వచ్చింది. ఇన్‌ఛార్జి అనేది ఇష్టం వచ్చినవాళ్ళకి ఇచ్చేది కాదనీ, సీనియారిటీ ప్రకారం వెళ్ళాలనీ, విద్యార్థుల విషయంలో సీనియారిటీ అంటే హాజరు పట్టీలో తరవాతి నంబరు అనీ అందులో వివరంగా ఉంది. లోవలక్ష్మి తరవాతి నంబరు నిస్సిది.

నిస్సి ముప్పై ఒక్క కిలోలు. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పనికి చీకటితోనే వెళ్ళిపోతుంది కాబట్టి, పొద్దున పూట ఆ పిల్ల కడుపులోకి మంచినీళ్ళే వెళ్తాయి. రెండు నెలలుగా దగ్గు. ఆ దగ్గుతోనే వచ్చి, ఛార్జి అప్పగింత పత్రం మీద గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. పత్రం ఆఫీసు నమూనా ప్రకారమే ఉంది. 'ఎనిమిదవ తరగతి బి సెక్షను లోవలక్ష్మి అను నేను, నా యాభై ఎనిమిది కిలోల శరీరమునకు సంబంధించిన పరుగు బాధ్యతలను ఈ దినము పూర్వాహ్నము కుమారి నిస్సికి అప్పగించితిని.' కింద వస్తువుల జాబితా, ఎన్ని, ఏ స్థితిలో, రిమార్కులు అని నాలుగు గడులు. కాళ్ళు రెండు, మంచి స్థితి. ఊపిరితిత్తులు రెండు, పరిశీలించవలసి ఉన్నది.

పట్టా కదిలిన నాలుగో నిమిషంలో నిస్సి చెయ్యెత్తేసింది. యంత్రం వెయ్యి మిల్లీలీటర్లని చూపించింది. తాతారావు గబగబా ముప్పై ఒకటితో భాగిస్తే ముప్పై రెండు వచ్చింది. కొంచెంలో పోయింది, మరోసారి చూద్దామని ఆయన అంటూండగా పరాంకుశం గారు కాగితం లాక్కున్నారు. ఊపిరి ఇన్‌ఛార్జిదే గాని, బరువు అసలు మనిషిది కదా అన్నారు. ఇన్‌ఛార్జి వచ్చాడని ఆఫీసు బరువు తగ్గుతుందా అని కూడా అడిగారు. వెయ్యిని యాభై ఎనిమిదితో భాగించి, పదిహేడు అని పోర్టల్లో ఎక్కించారు.

పోర్టల్ దృష్టిలో పదిహేడంటే మంచం దిగకూడని మనిషి. అది ఎర్రబడి, అప్పటికప్పుడు హెచ్చరికలు పంపడం మొదలుపెట్టింది. లోవలక్ష్మి మెట్లెక్కరాదు. సైకిలు తొక్కరాదు. నడిచేటప్పుడు ఇరువైపులా మనుషులుండాలి. ఎనిమిది బి మేడ మీద ఉండడంతో క్లాసుని కిందికి మార్చవలసి వచ్చింది. బెంచీలు దించడానికి మనుషులు దొరక్కపోతే లోవలక్ష్మే రెండో చివర ఎవరినీ పట్టుకోమనకుండా ఒక్కొక్కటీ ఎత్తుకుని పన్నెండు బెంచీలూ దించింది. చివరి బెంచీ దించి, చేతులు దులుపుకుని, ఇరువైపులా మనుషులు పట్టుకుంటే నెమ్మదిగా నడిచి తన చోట్లో కూర్చుంది.

పదిహేడు వచ్చినవాళ్ళకి దిద్దుబాటు చర్యలు కూడా సర్క్యులర్లో ఉన్నాయి. రోజూ నలభై నిమిషాలు యంత్రం మీద నడవాలి. మధ్యాహ్న భోజనంలో గుడ్డూ చిక్కీ మానెయ్యాలి. నడక నిస్సి నడిచింది, అది ఆమె విధి. మానేసిన గుడ్డు ఏం చెయ్యాలో సర్క్యులర్లో లేదు. వంటామె గరిటె పట్టుకుని వచ్చి అడిగితే తాతారావు, బాధ్యత ఎవరిదో హక్కూ వాళ్ళదేనని తేల్చాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఇచ్చిన మొదటి రూలింగు అది. దాంతో నిస్సి పళ్ళెంలో రోజూ రెండు గుడ్లు పడ్డాయి. లోవలక్ష్మి దానికేమీ అనుకోలేదు. ఇంటి దగ్గర పాలున్నాయి కదా అంది.

ఆరు వారాలయ్యేసరికి నిస్సికి దగ్గు పోయింది. బుగ్గలొచ్చాయి. రెండో పరీక్షలో తొమ్మిది నిమిషాలు పరిగెత్తి, తొడుగు తీశాక ఇంకాసేపు పరిగెట్టనా అని అడిగింది. యంత్రం పదమూడువందలంది. యాభై ఎనిమిదితో భాగిస్తే ఇరవై రెండు. పోర్టల్లో లోవలక్ష్మి పేరు పక్కన పచ్చబాణం వెలిగింది. ముప్పై శాతం అభివృద్ధి. జిల్లాలో మరే పిల్లా ఇంత అభివృద్ధి చెందలేదని, గుడ్డు మానెయ్యడం వల్ల ఊపిరి పెరుగుతుందని క్షేత్రస్థాయిలో రుజువైందని పరాంకుశం గారు పైకి నివేదిక పంపారు. ఆ కృషికి ఆయనకి ప్రశంసాపత్రం ప్రకటించారు. డివిజన్ కబడ్డీ పోటీల వేదిక మీదే దాన్ని అందుకోవాలి.

అంతా బాగానే ఉంది గాని, ఇరవై రెండు ముప్పై అయిదు కాదు. తాతారావు వేళ్ళ మీద లెక్కేశాడు. ఇదే ఊపులో అభివృద్ధి చెందితే లోవలక్ష్మి పద్నాలుగు నిండిన రెండు నెలలకి కబడ్డీ ఆడవచ్చు. పోటీలు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఆయన బంతులు లెక్కపెడుతున్నట్టు నటిస్తూంటే, లోవలక్ష్మే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నేను పరిగెడతంటే ఒక్కళ్ళూ చూడరేంటండి మేస్టారూ? నిస్సి పరిగెడితే చూత్తారు, నా బరువు చూత్తారు. ఒక్కసారి నన్ను చూడమనండి. చూసి వద్దంటే మానేత్తాను."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే తాతారావు ఏదో ఒక సర్దుబాటు మాట చెప్పి పంపేసేవాడు. ఏడవకుండా అడిగేసరికి ఆయనకి తన మీద తనకే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ కాగితాలు అటూ ఇటూ మోశాడే గాని, చూడవలసింది ఈ పిల్లని అని గట్టిగా ఒక్కసారీ అనలేదు. ఆమె వెళ్ళిపోయాక చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద, పోటీలకి వెళ్ళే రెండు రోజులూ తన డ్రిల్లు క్లాసులకి తెలుగు మేస్టారిని ఇన్‌ఛార్జిగా పెడుతూ నింపవలసిన కాగితం ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన నెమ్మదిగా నిటారుగా కూర్చున్నాడు. తరవాత సొరుగులోంచి అలాంటిదే ఇంకో కాగితం తీశాడు.

పోటీల రోజున షామియానా కింద వేదిక మీద పరాంకుశం గారు ముందు వరుసలో, పక్కన ఇందుమతి గారు ఒక కుర్చీ వదిలేసి కూర్చున్నారు. చినరేవుపాలెం జట్టు జాబితాలో ఏడో పేరు నిస్సిది. సన్నటి పిల్ల, పరీక్ష అక్కర్లేని యోగ్యురాలు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు తాతారావు వేదికెక్కి రెండు కాగితాలు పరాంకుశం గారి ముందు పెట్టాడు. ఒకటి నిస్సి సెలవు చీటీ, ఒంట్లో బాగోలేనందున. రెండోది ఛార్జి అప్పగింత. నిస్సి సెలవులో ఉన్నందున ఆమె కబడ్డీ బాధ్యతలకి ఇన్‌ఛార్జిగా లోవలక్ష్మి.

పరాంకుశం గారు కాగితం చూశారు, బరి పక్కన జెర్సీ వేసుకుని నిలబడ్డ లోవలక్ష్మిని చూశారు. ఈ అమ్మాయి అయోగ్యురాలు కదా అన్నారు.

"లోవలక్ష్మిగా అయోగ్యురాలేనండి. ఇప్పుడు నిస్సిగా వచ్చింది. నిస్సి యోగ్యురాలేనండి," అన్నాడు తాతారావు. "ఇన్‌ఛార్జి ఆట చెల్లదంటే సరేనండి, తీసుకెళ్ళిపోతాను. కాకపోతే ఇన్‌ఛార్జి ఊపిరి కూడా చెల్లదని రాసివ్వాలండి."

మైకులో ప్రశంసాపత్రం గురించి ప్రకటన వినిపిస్తోంది. జిల్లాలో రెండువందల పద్నాలుగు బడులు, వాటన్నిటి అంకెలూ ఇన్‌ఛార్జి ఊపిరి మీద నడుస్తున్నాయి. పరాంకుశం గారు జేబులోంచి పెన్ను తీసి, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా అనుమతించడమైనది అని రాసి సంతకం పెట్టారు. పెట్టాక తాతారావు వైపు ఒక రకంగా చూశారు. అందులో కోపం కన్నా గౌరవమే ఎక్కువుంది.

ఆట గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. చివరి కూతకి రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. లోవలక్ష్మి వెళ్ళింది. ఒకమ్మాయి మడమ పట్టింది, ఇంకో ఇద్దరు నడుము పట్టారు, నాలుగో అమ్మాయి మీద పడింది. కింద పడ్డ మనిషి కూత ఆపలేదు. పరాంకుశం గారికి తెలియకుండానే ఆయన కూడా ఊపిరి బిగబట్టారు. సగంలో ఆయన వదిలేసి ఆయాసపడ్డారు. లోవలక్ష్మి కబడ్డీ కబడ్డీ అంటూనే మోచేతుల మీద పాకి, నలుగురినీ వెంటేసుకుని, చెయ్యి చాపి గీత ముట్టుకుంది. జనమంతా లేచి నిలబడ్డారు. అందరికన్నా ముందు లేచి ఈలవేసింది, ఒంట్లో బాగోలేక సెలవు పెట్టిన నిస్సి.

పదిరోజుల తరవాత క్రీడా పాఠశాల నుంచి ఎంపిక ఉత్తర్వు వచ్చింది. చినరేవుపాలెం హైస్కూలు కుమారి నిస్సి ఎంపికైనది. తాతారావు కాగితం పట్టుకుని జిల్లా ఆఫీసుకి పరిగెత్తాడు. పరాంకుశం గారు చాలా సానుభూతితో విన్నారు. పేరు మార్చాలంటే ఆ రోజు ఆడింది నిస్సి కాదని రాయాలి, అలా రాయడం ఎవరికీ మంచిది కాదన్నారు. ఇబ్బందేముంది, లోవలక్ష్మి నిస్సికి ఇన్‌ఛార్జిగా వెళ్ళి చేరవచ్చు, నిస్సి ఇక్కడ లోవలక్ష్మికి ఇన్‌ఛార్జిగా పరిగెడుతూ ఉండవచ్చు, రెండు చోట్లా అభివృద్ధి ఆగదని ధైర్యం చెప్పారు. తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు అని ఒక ముక్క చేర్చి ఇచ్చారు.

లోవలక్ష్మిని సాగనంపడానికి బస్టాండుకి నిస్సీ, ఇందుమతి గారూ కూడా వచ్చారు. ట్రంకుపెట్టె ఎత్తడానికి తాతారావు వంగితే, లోవలక్ష్మి అప్పటికే దాన్ని బస్సు మీదికి చేర్చి దిగుతోంది. దిగి, చెమట తుడుచుకుని, ఇన్‌ఛార్జి అంటే ఎన్నాళ్ళుంటుందండి అని ఆయన్ని అడిగింది. ఇందుమతి గారే ఆ పిల్ల తల నిమిరారు.

"నేను నెల రోజులకని వచ్చానమ్మా," అన్నారు ఆవిడ.

కండక్టరు తొందరపెడుతున్నాడు. తాతారావు సంచిలోంచి ఛార్జి అప్పగింత పత్రాలు తీసి, పక్కనే ఉన్న పెట్రోలు బంకు గోడ మీద పరిచాడు. లోవలక్ష్మి తన కాగితంలో వస్తువు దగ్గర 'నిస్సి పేరు' అనీ, ఎన్ని దగ్గర 'ఒకటి' అనీ, ఏ స్థితిలో దగ్గర 'మంచి స్థితి' అనీ రాసి సంతకం చేసింది. నిస్సి ఆ కాగితం తీసుకుని ఒకటికి రెండుసార్లు చదివింది. నాలుగో గడి ఖాళీగా ఉంది. పెన్ను అడిగి తీసుకుని, రిమార్కుల గడిలో గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం రాసింది.

'వాడుకొని తిరిగి ఇవ్వవలెను.'

తాతారావు రెండు కాగితాల మీదా సంతకం పెట్టి, అపరాహ్నం అని తేదీ వేశాడు. బస్సు కదిలింది. నిస్సి దాని వెనకాలే చెయ్యూపుతూ మార్కెట్ మలుపుదాకా పరిగెత్తుకుంటూ వెళ్ళింది, మళ్ళీ పరిగెత్తుకుంటూనే వెనక్కి వచ్చింది. ఆ పరుగు ఎవరి పేరు మీద ఎక్కించాలని తాతారావుని ఎవరూ అడగలేదు.